పొగతో తిరిగే తిత్తి

మా అక్క కొడుకు ఇక్కడే అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఈమధ్య ఒక ఆదివారం ఇంటికొచ్చి, ఉగ్గాని బజ్జీ తింటూ ఫోన్లో ఒక ఎర్ర కారు చూపించాడు.

"మామా, ఇది ఫెరారీ ఎఫ్40. పాతది. నడిపినోళ్ళంతా కారంటే ఇదే అంటారు. కొత్త ఎఫ్80కి 1200 హార్స్‌పవర్ ఉన్నా దాంట్లో ప్రాణం లేదంటారు. ఎందుకట్ల?"

ప్రాణం గురించి నన్నడిగితే ఏం చెప్తాను, ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికినోణ్ణి. ఆ రెండు కార్లలో దేన్నీ కళ్ళారా చూసింది కూడా లేదు. కానీ వాడు పోయాక రాత్రి కాగితం ముందేసుకుని కూర్చుంటే నాకు తోచిందేమంటే, వాళ్ళు ప్రాణం అంటున్నదాన్ని చాలావరకు సెకన్లలో కొలవొచ్చు. అది ఒక ఆలస్యం. డ్రైవరు కాలు తొక్కడానికీ కారు ఉరకడానికీ మధ్య ఉండే ఖాళీ. ఎఫ్40లో ఆ ఖాళీని మనిషి తన బుర్రతో పూడ్చుకోవాలి, ఎఫ్80లో కరెంటు పూడుస్తుంది.

ఇంజను ఎట్లా తిరుగుతుంది, నాలుగు స్ట్రోకులు ఏమిటి అనేది ఇక్కడ రాయను. పిల్లలు దాన్ని బట్టీపట్టి, స్కేలుతో గీతలు కొట్టి, బొమ్మకు పేర్లు కూడా పెట్టేస్తారు. అదే "పెట్రోలు కాలడానికి గాలి ఎంత కావాలి?" అంటే తలొంచుకుంటారు. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలుకి ట్యాంకు ఉంది, పంపు ఉంది, ఎంత కావాలంటే అంత కొట్టొచ్చు. గాలికి ట్యాంకు లేదు. అందుకే ఏ ఇంజనుకైనా అసలు కరువు గాలికే. అందులోనూ మన మే నెల గాలి: 15 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి నూటికి తొమ్మిది పాళ్ళు పలచన. మధ్యాహ్నం పూట మన బండ్లు ఆయాసపడుతున్నట్టు అనిపిస్తే అది ఉత్త భ్రమేం కాదు.

గాలి ఎక్కువ కావాలంటే ఊదాలి. ఈ ముక్క కమ్మరికి ఎప్పటినుంచో తెలుసు.

ఉరవకొండ దగ్గర మా ఊళ్ళో ఆచారి తాత కొలిమి ఉండేది. నాగలి కర్రులు సాగగొట్టించుకోవడానికి మా నాయన పోతే నేనూ పోయేవాణ్ణి, నా పని చక్రం తిప్పడం. తోలుతిత్తి రోజులు అప్పటికే పోయి, చేత్తో తిప్పే చక్రం వచ్చింది. తిప్పితే గాలి, గాలికి బొగ్గులు ఎర్రబడటం, కర్రు మెత్తబడటం. ఇప్పుడొక తిక్క ఆలోచన చేయండి. చక్రం తిప్పే పిల్లోణ్ణి ఇంటికి పంపేసి, కొలిమి పొగగొట్టంలో ఒక చిన్న రెక్కల చక్రం పెట్టాం. పొగ పైకి పోతూ దాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి ఈ చివర ఇంకో రెక్కల చక్రం, అది బొగ్గుల్లోకి గాలి ఊదుతుంది. కూలి ఖర్చు లేదు, వృథాగా పోయే పొగే పని చేస్తుంది. టర్బో అంటే ఇంతే. ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు.

ఇందులో తిరకాసు ఎక్కడుందో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. మంట పెరగాలంటే గాలి కావాలి. గాలి రావాలంటే చక్రం తిరగాలి. చక్రం తిరగాలంటే పొగ జోరుగా రావాలి. పొగ జోరుగా రావాలంటే మంట పెరగాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. ఆగిపోదు లెండి, కొంచెం పొగ కొంచెం గాలినిస్తుంది, ఆ గాలి ఇంకొంచెం పొగనిస్తుంది, అట్లా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. కానీ మొదట్లో మెల్లగా, ఆ తర్వాత ఒక్కసారిగా. ఈ మెల్లగా అన్న భాగాన్నే టర్బో ల్యాగ్ అంటారు.

1987లో ఫెరారీ కంపెనీ 40 ఏళ్ళ గుర్తుగా ఎఫ్40ని తెచ్చారు. కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ బతికుండగా ఆవిష్కరించిన ఆఖరి కారు అదే, మరుసటి ఏడే ఆయన పోయాడు. 2936 సీసీ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను, దానికి రెండు టర్బోలు, బయటి గాలి మీద ఇంకో 1.1 బార్ ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), 478 హార్స్‌పవర్. 7000 ఆర్పీఎంలో, అంటే నిమిషానికి 7000 చుట్లు తిరుగుతున్నప్పుడు, ఆ ఇంజను నిమిషానికి సుమారు 20 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలోని గాలిని నిమిషంన్నర లోపే ఖాళీ చేస్తుందన్నమాట. బరువు నూనెలు, నీళ్ళు పోయకముందు 1100 కిలోలు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, బ్రేకు తొక్కితే సాయపడే బూస్టర్ కూడా లేదు, లోపలినుంచి తలుపు తీయాలంటే ఒక తాడు పట్టి లాగాలి. ఇట్లాంటి వివరాలు అభిమానులు గుక్కతిప్పుకోకుండా చెప్తారు. నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా కనపడింది ఒకే అంకె: గరిష్ఠ టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం, 577 న్యూటన్ మీటర్లు, 4000 ఆర్పీఎం దగ్గర. అంతకు కిందున్నంతసేపూ బుద్ధిమంతుడైన కారు. మీటరు ముల్లు అక్కడికి చేరేసరికి తిత్తి అందుకుంటుంది, ఎవరో వీపున తన్నినట్టు ఉంటుంది.

ఆ తన్ను చిన్న మోతాదులో నాకూ తెలుసు. తాడిపత్రి రోడ్డులో ఒకసారి సెకండ్ హ్యాండు డీజిల్ కారులో వస్తూ, బండల లారీని దాటుదామని ఎదుటి లైనులోకి వచ్చి యాక్సిలరేటర్ తొక్కాను. ఏమీ లేదు. ఎదురుగా బస్సు కనపడింది. ఇంకా ఏమీ లేదు. బ్రేకు వేద్దామా అనుకునేలోపల కారు ఒక్క దూకు దూకింది, లారీ వెనక్కి పోయింది, నా చొక్కా తడిసిపోయింది. గంటకు 100 కి.మీ. వేగంలో ఒక్క సెకను అంటే 28 మీటర్లు. ఆ లెక్క క్లాసులో ఎన్నిసార్లు చేయించానో, ఆరోజు గానీ అర్థం కాలేదు.

ఇంత ఆలస్యం ఎందుకంటే, టర్బో చక్రం అరచేతిలో పట్టేంత చిన్నదే గానీ లక్ష ఆర్పీఎం దాకా తిరగాలి. తిరిగే వస్తువులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20,000 నుంచి లక్షకు పోవాలంటే వేగం అయిదింతలు, శక్తి పాతికింతలు. చిన్న చక్రం ఒకటి తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కేస్తే రెండున్నర వేల జౌళ్ళ శక్తి అని వచ్చింది. పెద్ద అంకేం కాదు. కానీ తక్కువ ఆర్పీఎంలో వచ్చే బలహీనమైన పొగ ఆ కాస్త అప్పును కూడా వాయిదాల మీద తీర్చాల్సి వస్తుంది.

టర్బో మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన లారీ డ్రైవర్లు చాలామంది ఘాట్ ఎక్కి బండి ఆపినా వెంటనే ఇంజను ఆపరు, కాసేపు ఊరికే తిరగనిస్తారు. ఎందుకన్నా అంటే "బండి దమ్ము తీసుకోవాలప్పా" అంటారు. వినడానికి మూఢనమ్మకంలా ఉంటుంది, కానీ నూటికి నూరుపాళ్ళు సైన్సు. బాగా కాగిన టర్బో ఇరుసు పల్చటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇంజను ఠక్కున ఆపితే నూనె పంపు ఆగిపోతుంది, అక్కడే నిలబడిపోయిన నూనె మాడి మసి కడుతుంది. అదే డ్రైవరు మైలేజీ కోసం డీజిల్ పైపుకి అయస్కాంతం చుట్టి ఉంటాడు, దాంతో డీజిల్‌కి జరిగేది శూన్యం. బంపరుకి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల జోలికి నేను పోను, మా ఇంట్లో స్కూటరుకీ ఉన్నాయి.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి ఇంజనీర్లు పడని పాట్లు లేవు. ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెట్టారు, ఎఫ్40లో ఉన్నది అదే. ర్యాలీ కార్లవాళ్ళు ఇంకా మొండిగా, డ్రైవరు కాలు తీసినప్పుడు కూడా పొగగొట్టంలోనే పెట్రోలు మండించి చక్రాన్ని తిప్పుతూ ఉంచారు. అంటే కాల్చాల్సిన కర్రు లేకపోయినా తిత్తి ఆగకూడదని కొలిమిలో బొగ్గులు పోస్తూ ఉండటం. డబ్బున్నోళ్ళ పద్ధతి.

అసలు మార్గం ఆచారి తాత కొలిమిలోనే ఉంది. పొగ వచ్చేదాకా ఆ పిల్లోణ్ణి మళ్ళీ పిలిచి చక్రం తిప్పించడం. ఫార్ములా వన్ కార్లలో 2014 నుంచి 2025 దాకా ఇదే చేశారు: టర్బో ఇరుసు మీదే ఒక ఎలక్ట్రిక్ మోటారు. పొగ చాలనప్పుడు మోటారు చక్రాన్ని తిప్పుతుంది, పొగ మితిమీరినప్పుడు అదే మోటారు జనరేటరై చక్రం నుంచి కరెంటు తీసుకుంటుంది. తిరకాసు ముడి అక్కడ తెగిపోయింది. మంట లేకపోయినా గాలి వస్తుంది.

2024 అక్టోబరులో వచ్చిన ఎఫ్80లో ఫెరారీవాళ్ళు తమ రోడ్డు కారుకి మొదటిసారి ఎలక్ట్రిక్ టర్బోలు పెట్టారు. ఇంజను ఎఫ్40దంతే, 3 లీటర్లకు కాస్త తక్కువ, కానీ ఆరు సిలిండర్లే. అదొక్కటే 900 హార్స్‌పవర్ ఇస్తుంది. లీటరుకి లెక్కేస్తే పాతది 163, కొత్తది 300. ఇంత పిండాలంటే పెద్ద టర్బోలు కావాలి, పెద్ద టర్బోలంటే పెద్ద ఆలస్యం. మోటారు సాయం లేకపోతే ఈ ఇంజనును రోడ్డు మీద నడపడం కష్టమయ్యేది. అందరూ ఎఫ్80 హైబ్రిడ్ (పెట్రోలుతో పాటు కరెంటుతోనూ నడిచేది) అంటే అదనంగా వచ్చే 300 హార్స్‌పవర్ గురించి మాట్లాడతారు, ముందు చక్రాలకు ఒక్కో మోటారు, వెనక ఇంజనుకు జతగా ఇంకోటి. నాకు మాత్రం టర్బో ఇరుసు మీద కూర్చున్న ఆ చిన్న మోటారే ముద్దొస్తుంది. ఇందాక అప్పు అన్న రెండున్నర వేల జౌళ్ళను మన బోరుబావి 5 హార్స్‌పవర్ మోటారంత బలం ఉన్నది సెకను లోపే కట్టేస్తుంది.

బోరు మోటారు అన్నాక ఇది చెప్పకుండా ఉండలేను. ఎఫ్80 బ్యాటరీ 2.28 కిలోవాట్ అవర్లు. మన భాషలో 2.28 యూనిట్లు, కరెంటు బిల్లులో రాసే యూనిట్లే! కోట్ల రూపాయల కారులో ఉన్నది రెండు యూనిట్ల చిల్లర కరెంటు. దాంతో 5 హార్స్‌పవర్ బోరు మోటారు సుమారు 37 నిమిషాలు నడుస్తుంది, ఒక రెండు మళ్ళు తడుస్తాయేమో. 300 హార్స్‌పవర్ అంటే అట్లాంటివి 60. కాబట్టి ఎఫ్80 మోటార్లు పూర్తి బలంతో లాగితే అదే బ్యాటరీ 37 సెకన్లు వస్తుంది. నిమిషాలు సెకన్లయ్యాయి, అంతే. మరి అంత చిన్న బ్యాటరీ ఎందుకంటే, అది దూరం పోవడానికి పెట్టింది కాదు. పాత కారు ఆలస్యం చేసే ఆ ఒకటి రెండు సెకన్లను నింపడానికి, మళ్ళీ బ్రేకు వేసినప్పుడు నిండడానికి. 1600 కిలోల కారు 100 కి.మీ. వేగం నుంచి ఆగితే వదిలే శక్తి ఒక యూనిట్లో ఆరో వంతు. ఎఫ్40 దాన్నంతా బ్రేకు డిస్కుల్ని కాల్చడానికే ఖర్చు పెట్టేది.

దీని మూల్యం బరువు. ఎఫ్80 అదే లెక్కన, నూనెలు, నీళ్ళు పోయకముందు, 1525 కిలోలు, అంటే పాతదానికంటే ఒక మోస్తరు ఎద్దును ఎక్కువ మోస్తోంది. అయినా సున్నా నుంచి 100కి 2.15 సెకన్లే. సస్పెన్షను, రెక్కలు, కంప్యూటర్ల సంగతి మా వాడు చెప్తాడు, నాకంత ఓపిక లేదు.

మరి ప్రాణం? ఎఫ్40 నడిపేవాడు మలుపు దాటాక తొక్కితే ఆలస్యమైపోతుంది, మలుపులో ఉండగానే, అవసరం రాకముందే తొక్కాలి. మరీ ముందు తొక్కితే తిత్తి మలుపు మధ్యలోనే అందుకుని వెనక చక్రాలు జారతాయి. అంటే ఆ కారు మనిషిని ఎప్పుడూ ఒకటి రెండు సెకన్లు భవిష్యత్తులో బతకమంటుంది. సరిగ్గా కుదిరినప్పుడు కలిగే ఆనందాన్నే వాళ్ళు ప్రాణం అంటున్నారని నా అనుమానం. ఎఫ్80లో ఆ ముందుచూపు పని మోటారుది, లెక్క కంప్యూటరుది. ఇంజనీరింగ్‌గా ఏది గొప్పదంటే నా ఓటు ఎఫ్80కే, రెండో మాట లేదు. ఎవరైనా ఒక్కరోజు తాళాలిస్తామంటే మాత్రం పాతదే అడుగుతాను. ఇది సైన్సు కాదని నాకూ తెలుసు.

ఇదంతా చెప్తే మా వాడు నమ్మినట్టు తలూపాడు గానీ నమ్మలేదు. అందుకని మరుసటి ఆదివారం ఊరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు కొలిమి ఆచారి తాత మనవడిది, కరెంటు బ్లోయరు, నాబు తిప్పితే గాలి. మేం పోయిన కాసేపటికి కరెంటు పోయింది. అతను మూలనున్న పాత చక్రం దుమ్ము దులిపి లాక్కొచ్చాడు. మా వాణ్ణి తిప్పమన్నాం. తిప్పాడు, బొగ్గులు నల్లగానే ఉన్నాయి. ఇంకా గట్టిగా తిప్పాడు, ఏమీ లేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. కొలిమి భగ్గుమంది, కర్రు కొన తెల్లబడి చిచ్చుబుడ్డిలా పూలు రాలడం మొదలైంది.

"ఆపప్పా సామీ, కర్రు కాలిపోయ!" అని అరిచాడతను పట్టకారుతో బయటికి లాగుతూ. "తెల్లగైనాక ఆపితే యాడ సరిపోతుంది, ఎర్రగున్నప్పుడే ఆపాల."

కొత్త కర్రుకి డబ్బులు నేనే ఇచ్చాను. మా వాడు చక్రం పిడి వదల్లేదు, ఇంకొక్కసారి తిప్పుతానంటాడు.