రీబూట్ కొట్టే ముందు 70 చదవండి

పిల్లలూ,

మీ రోబో చెయ్యి వీడియో చూశాను. నీళ్ళ సీసా ఎత్తబోయి సగంలో నిజంగానే చేతులెత్తేసింది! భుజం దగ్గర మోటారు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటోంది. మీరు చటుక్కున పవర్ పీకి మళ్ళీ పెట్టారు, అది లేచింది, కాసేపటికి మళ్ళీ అదే కథ. ఇంట్లో ఎంసీబీ పడిపోతే ఎందుకు పడిందో చూడకుండా పైకి లేపుతూ కూర్చోవడం ఇది.

మీ దగ్గరున్నది కొరియా కంపెనీ రోబోటిస్ చేసే డైనమిక్సెల్ మోటారు, ఎక్స్‌ఎల్430 రకం. మామూలు బొమ్మ సర్వోకి, అంటే చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారుకి, పల్సు పంపడమే, అది తిరిగి ఏమీ చెప్పదు. ఇది జవాబిస్తుంది. 255, 255, 253, 0 అని మొదలుపెట్టి, మోటారు ఐడీ, మెసేజ్ పొడవు, ఆదేశం, చివర సరిచూసుకునే రెండు బైట్ల సీఆర్‌సీ పంపుతారు. జవాబులో ఆదేశం ఉండే చోట 85 ఉంటుంది, దాని పక్కనే ఎర్రర్ బైటు. మీ ప్రోగ్రాంలో ఆ బైటును చదివి పారేస్తున్నారు. అసలు సంగతంతా అందులోనే ఉంది.

ఆ బైటులో 3 వస్తే మెసేజ్ దారిలో చెడింది, మళ్ళీ పంపితే చాలు. 4 వస్తే మీరిచ్చిన విలువ హద్దు దాటింది. 7 వస్తే ముట్టుకోకూడనిదేదో ముట్టుకున్నారు. టార్క్ (మోటారు బిగించి పట్టే బలం) ఆన్‌లో ఉండగా ఐడీ మార్చబోతే వచ్చేది ఇదే. వీటిలో దేనికీ రీసెట్ అక్కర్లేదు, తప్పు మన మెసేజ్‌లో ఉంది కాబట్టి.

128 కలిసి వచ్చిందంటే మాత్రం మోటారుకే ఏదో అయింది. అప్పుడు 70వ అడ్రస్, అంటే మోటారు మెమరీలో ఆ నంబరు గడి, చదవండి. 1 అయితే వోల్టేజ్ తేడా, 4 అయితే వేడి, 16 అయితే కరెంటు దెబ్బ లేదా మోటారుకు సరిపడా పవర్ అందకపోవడం, 32 అయితే ఓవర్‌లోడ్. 36 కనిపిస్తే వేడీ ఓవర్‌లోడూ రెండూ. మీ వీడియోలో చెయ్యి బారుగా చాచి సీసా ఎత్తుతున్నారు కాబట్టి 32 అనే నా అనుమానం. ఓవర్‌లోడ్ వస్తే మోటారు తనను తాను కాపాడుకోవడానికి టార్క్ వదిలేస్తుంది. మోచేయి మడిచి సీసాను దగ్గరికి తెచ్చుకుని ఎత్తండి, లేదా సగం నీళ్ళు పారబోయండి. వేడైతే 146వ అడ్రస్‌లో డిగ్రీలు చూడండి. దీనికి కంపెనీ పెట్టిన హద్దు 72. చల్లారేదాకా ఆగాల్సిందే.

కారణం సరిచేశాక రీబూట్ ఆదేశం పంపండి, దాని నంబర్ 8. పవర్ పీకనక్కర్లేదు, మిగతా మోటార్లు కదలవు. పంపేముందు ఎవరో ఒకరు చేతిని కింద నుంచి పట్టుకోండి. రీబూట్ అయ్యాక కూడా టార్క్ ఆఫ్‌లోనే ఉంటుంది, పట్టు లేకపోతే టేబుల్‌కి కొట్టుకుంటుంది. ఐడీ, బాడ్ రేటు (మెసేజ్‌లు వెళ్ళే వేగం) చెక్కుచెదరవు. మోటారు తిరగడానికి మీరు పెట్టిన వేగం మాత్రం పోతుంది. 112వ అడ్రస్‌లో వేగం సున్నాకి వస్తుంది. సున్నా అంటే ఆగిపోవడం అనుకునేరు, దీని లెక్కలో హద్దు లేని వేగం! అందుకే ముందు వేగం తక్కువగా పెట్టి, అప్పుడు టార్క్ ఆన్ చేసి, చెయ్యి ఉన్న చోటికి దగ్గర్లోనే మొదటి గమ్యం ఇవ్వండి. పాత గమ్యాన్నే నేరుగా పంపితే చెయ్యి ఎగిరి ముక్కు మీద కొట్టినా కొడుతుంది.

ఇంకొకటుంది, చాలామందిని తిప్పలు పెట్టేది. ఒక్కోసారి లైటు మినుకదు, 70లో సున్నా ఉంటుంది, అయినా చెయ్యి జావగారిపోతుంది. బ్యాటరీ నీరసించో, కనెక్టర్ వదులై ఊగుతూనో క్షణంపాటు కరెంటు తగ్గిందన్నమాట. మోటారు దానంతట అదే రీసెట్ అయి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. మీ ప్రోగ్రాం దాన్ని ఎర్రర్ అనుకోదు, టింగురంగా అంటూ ఆదేశాలు పంపుతూనే ఉంటుంది. అందుకని అప్పుడప్పుడూ 64వ అడ్రస్ చదివించండి. మీరు 1 పెట్టిన చోట 0 కనిపిస్తే రీసెట్ అయినట్టే. 144వ అడ్రస్‌లో వోల్టేజ్ ఉంటుంది. 111 అంటే 11.1 వోల్టులు. బరువెత్తేటప్పుడు ఆ అంకె ఎంత దిగుతుందో చూస్తే బ్యాటరీ బండారం బయటపడుతుంది.

జవాబే రాకపోతే వెంటనే రీబూట్‌కి పోకండి. తీగలు, ఐడీ, బాడ్ రేటు చూసుకోండి. కొత్త మోటారు 57600తో, ఐడీ 1తో వస్తుంది. ‘2048వ స్థానానికి వెళ్ళు’ అని రెండుసార్లు చెప్పినా నష్టం లేదు, కాబట్టి ఒకట్రెండు సార్లు మళ్ళీ పంపి చూడొచ్చు. రీబూట్‌ని మాత్రం లూపులో పెట్టకండి, మోటారు లేస్తుండగానే మళ్ళీ పడేస్తారు.

ఇక ఫ్యాక్టరీ రీసెట్, ఆదేశం 6. దీన్ని రీబూట్‌కి అన్న అనుకుంటారు, కాదు. ఇది 70లో ఉన్న కష్టాన్ని తీర్చదు, మీ సెట్టింగులను చెరిపేస్తుంది. దాంతోపాటు 255 పంపితే ఐడీ కూడా 1 అయిపోతుంది. ఒకే తీగకు గొలుసులా తగిలించిన నాలుగు మోటార్లకీ వరసగా చేశారంటే నాలుగూ 1 అవుతాయి, పిలవగానే ఒకేసారి పలికి జవాబంతా కలగాపులగం చేస్తాయి. తప్పనిసరైతే 2 పంపండి, ఐడీ, బాడ్ రేటు ఉంచి మిగతావి చెరుపుతుంది. ఇప్పటికే 255 కొట్టేసి ఉంటే, అన్నీ ఊడదీసి ఒక్కొక్కటే తగిలించి, టార్క్ ఆఫ్‌లో ఉండగా 7వ అడ్రస్‌లో కొత్త ఐడీ రాసుకుంటూ రండి.

భుజం మోటారు 70లో ఎంత చూపించిందో ఆ అంకె నాకు పంపండి.

మీ
పెదనాన్న