1956 నోటర్ డేమ్ జట్టు: ఓటమి సీజన్‌పై అపోహలు - వాస్తవాలు

కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల గణాంకాలు నమోదు చేయడం నా వృత్తి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఊళ్లలో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతితో అమెరికన్లు ఆడే ఆట. యుద్ధానంతర కాలంలో ఘోరంగా విఫలమైన జట్టు ఏదని అడిగితే, ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు 1956 జట్టు పేరు తప్పకుండా వినిపిస్తుంది. అది పది మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. అయితే ఆ జట్టుపై స్థిరపడిన అభిప్రాయాల్లో చాలావరకు లెక్కలు చూస్తే నిలవవు.

అపోహ: అది బొత్తిగా చేతకాని జట్టు.

వాస్తవం: మిషిగన్ స్టేట్ చేతిలో 47-14తో, ఓక్లహోమా చేతిలో 40-0తో, అయోవా చేతిలో 48-8తో చిత్తయిన మాట నిజం. కానీ ఓక్లహోమా ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయింది, అయోవా సీజన్ ముగిశాక జరిగే ప్రతిష్ఠాత్మక మ్యాచ్ రోజ్ బౌల్ గెలిచింది. ప్రత్యర్థి ఎవరో చూడకుండా ఓటములను మాత్రమే లెక్కపెట్టడం మా వృత్తిలో మొదటి తప్పు.

అపోహ: ఓడిన జట్టులోని పాల్ హోర్నంగ్‌కు ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ దక్కడానికి విశ్వవిద్యాలయం పేరు ప్రతిష్ఠలే కారణం.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 1953లో వచ్చిన నిబంధనల ప్రకారం బయటకు వెళ్లిన ఆటగాడు మళ్లీ మైదానంలోకి రావడంపై కఠినమైన పరిమితులు ఉండేవి కాబట్టి, దాడి చేసిన పదకొండుగురే రక్షణ కూడా చూసుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో హోర్నంగ్ దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా బంతి విసిరి, అదే మ్యాచ్‌లో వెనుక వరుసలో నిలబడి ప్రత్యర్థులను అడ్డుకున్నాడు. పాసులు, పరుగులు, స్కోరు, పంటింగ్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదలడం), కిక్ రిటర్నులు (ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని పరుగెత్తడం), ఏ గడి చూసినా జట్టులో మొదటి పేరు అతనిదే. అతని పాసుల్లో 13 ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయన్నది కూడా దాచకూడని అంకె. చివరి మ్యాచ్ లాస్ ఏంజిలిస్‌లో సదరన్ కాలిఫోర్నియాతో జరిగింది. రెండు చేతుల బొటనవేళ్లూ బెణికి, సరిగ్గా పాస్ విసరలేని స్థితిలో అతను బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్‌గా ఆడి, ఒక కిక్ అందుకుని 95 గజాలు పరుగెత్తి, గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. జట్టు 28-20తో ఓడింది. ఓటింగులో మొదటి స్థానపు ఓట్లు ఓక్లహోమా ఆటగాడు టామీ మెక్‌డొనాల్డ్‌కే ఎక్కువ వచ్చినా, మొదటి, రెండో, మూడో స్థానాల ఓట్లు కలిపి లెక్కించే మొత్తం పాయింట్లలో హోర్నంగ్ 1066తో ముందు నిలిచాడు. ఓటమి జట్టు నుంచి ఆ ట్రోఫీ అందుకున్నవాడు ఇప్పటికీ అతనొక్కడే.

అపోహ: అనుభవం లేని కుర్ర కోచ్ వల్లే అంతా చెడింది.

వాస్తవం: టెర్రీ బ్రెన్నన్ 1954లో 25 ఏళ్ల వయసులోనే పగ్గాలు చేపట్టిన మాట నిజమే గానీ, తొలి రెండు సీజన్లలో అతని జట్టు 17 గెలిచి 3 మాత్రమే ఓడింది.

అపోహ: అలాంటి దెబ్బ తిన్న జట్టు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

వాస్తవం: మరుసటి ఏడాదే, 1957 నవంబరు 16న, ఆ ఓటములను అనుభవించిన కుర్రాళ్లలో పలువురు ఓక్లహోమా సొంత మైదానంలోకి దిగారు. అప్పటికి ఓక్లహోమా వరుసగా 47 మ్యాచ్‌లు గెలిచి ఉంది. హోర్నంగ్ చదువు ముగించి వెళ్లిపోయాడు. నాలుగో క్వార్టర్‌లో నోటర్ డేమ్ 80 గజాల దూరాన్ని కొద్దికొద్దిగా దాటుకుంటూ వచ్చి, గోల్ గీతకు మూడు గజాల దూరంలో నాలుగో డౌన్‌కు, అంటే చివరి ప్రయత్నానికి చేరింది. ప్రత్యర్థులంతా మధ్యలో గుమిగూడగా, బంతిని పక్కకు అందుకున్న డిక్ లించ్ కుడివైపు నుంచి గీత దాటాడు. నోటర్ డేమ్ 7-0తో గెలిచింది.