ఇటుకరాయి క్యూలో ఎందుకు నిలబడింది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"వియత్నాంలో క్యూలో ఇటుకరాయి పెట్టి ఇంటికి వెళ్లిపోయేవాళ్లట. మరి రాయికి బియ్యం ఎవరిస్తారు?" అని మీలో చిన్నది అడిగింది కదా. రాయికి ఇవ్వరమ్మా, రాయి వంతు వచ్చేసరికి మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. 1980ల తొలి ఏళ్లలో హనోయ్‌లో రేషన్ దుకాణాల ముందు తెల్లవారకముందే అలాంటి రాళ్లు వరసకట్టేవి. ఎవరైనా దిగాలుగా ఉంటే "బియ్యం పుస్తకం పోగొట్టుకున్న మొహం" అని అక్కడ ఇప్పటికీ అంటారు. అది రేషన్ పుస్తకం, పోతే ఆ నెల ఇల్లు గడవడం అంత కష్టమన్నమాట.

బియ్యం చవకే. మరి క్యూ ఎందుకు? ఒక తక్కెడ ఊహించుకోండి. ఒక పళ్లెంలో జనానికి కావలసింది, రెండో దాంట్లో పొలం నుంచి వచ్చింది. ధర అనేది ముల్లు. ఏ పళ్లెం తేలిపోయిందో చెప్పడమే దాని పని. ప్రభుత్వం ఆ ముల్లును దారంతో మధ్యకు కట్టేసింది. చూడటానికి బాగానే ఉంటుంది, కానీ బియ్యం పళ్లెం ఖాళీ అయినా ముల్లు కదలదు. ముల్లు చెప్పాల్సిన మాట క్యూలోని ఇటుక చెబుతోంది.

పళ్లెం ఎందుకు ఖాళీ అయింది? పొలం సహకార సంఘానిది. ఎంత పండినా రైతుకు దక్కేది పనిదినాల లెక్కనే. 1981లో కొంచెం సడలించారు: దుక్కి, విత్తనం, నీరు, ఎరువు, పురుగుమందు సంఘం చూస్తుంది, నాటు, సాకడం, కోత రైతు కుటుంబం చూస్తుంది, సంఘానికి ఇవ్వాల్సిన కోటాకు పైన పండింది కుటుంబానిదే. మొదట దిగుబడి పెరిగింది. కోటా కూడా పెరుగుతూ పోయేసరికి రైతుకు మిగిలేది తగ్గింది, ఉత్సాహమూ తగ్గింది.

1985 సెప్టెంబరులో నోట్లు మార్చారు, 10 పాత డాంగ్‌లకు 1 కొత్త డాంగ్. అది తూకపురాళ్ల మీద అంకెలు చెరిపి కొత్తవి రాసినట్టు. జీతాలకూ ప్రభుత్వ సంస్థల నష్టాలకూ నోట్లు అచ్చువేయడం ఆపలేదు. 1986లో ద్రవ్యోల్బణం 700 శాతం దాటింది. ఆ డిసెంబరులోనే, దేశాన్ని ఏలే కమ్యూనిస్టు పార్టీ మహాసభ "దోయ్ మోయ్" ప్రకటించింది. కొత్తదనంలోకి మార్పు అని అర్థం.

అసలు పని తర్వాతి మూడేళ్లలో జరిగింది, అందులో వరస చూడండి. 1988లో పదో నంబరు తీర్మానంతో పొలం ఏళ్ల తరబడి ఒకే కుటుంబం చేతిలో ఉండేలా చేశారు, అంటే ముందు తేలిన పళ్లెం నింపారు. 1989లో చాలా ధరలకు దారం తెంచారు. ముల్లు ఊగకుండా పొదుపు డబ్బుకు నెలకు 12 శాతం దాకా వడ్డీ ఇచ్చారు (సంవత్సరానికి కాదు, నెలకే). దాంతో బియ్యమూ బంగారమూ దాచుకోవడం కంటే బ్యాంకులో వేయడమే లాభమైంది. 1988లో ఉత్తరాన ఆకలితో అల్లాడిన దేశం 1989లో సుమారు 14 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసింది. ఇది చదివినప్పుడల్లా నాకు నమ్మబుద్ధి కాదు.

పొరుగున ఉన్న చైనా ముందే మొదలెట్టింది. 1978లో ఆన్‌హుయ్ రాష్ట్రం షియావోగాంగ్ పల్లెలో 18 మంది రైతులు పొలం పంచుకుంటామని రహస్యంగా కాగితం రాసుకుని వేలిముద్రలు వేశారు. ఎవరైనా జైలుకు వెళితే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు 18 ఏళ్ల దాకా పెంచాలని కూడా అందులో ఉంది. తర్వాత ఆ పద్ధతే దేశమంతా పాకింది. 1978లో సుమారు 30 కోట్ల టన్నులున్న ధాన్యం 1984కి 40 కోట్లు దాటింది.

ఫ్యాక్టరీ సరుకు దగ్గర మాత్రం చైనా ఒకే కొట్లో రెండు తక్కెడలు పెట్టింది. కోటా సరుకుకు కట్టిన ముల్లు, మిగిలినదానికి వదిలిన ముల్లు. ఫ్యాక్టరీలు మూతపడకుండా అది కాపాడింది, నిజమే. కానీ చేతిలో అధికారమున్నవాడు మొదటి దాంట్లో ఉక్కు కొని రెండో దాంట్లో అమ్మేశాడు. అలాంటి దందాకు "గువాన్‌దావ్" అని పేరే పడింది. 1988 వేసవిలో ధరలన్నీ వదిలేస్తామన్న వార్త పొక్కగానే జనం బ్యాంకుల్లో డబ్బు తీసి దొరికిందల్లా కొనేశారు. ఆ ఏడు ధరలు దాదాపు 19 శాతం పెరిగాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

నా తక్కెడకు ఒక లోపముంది. డబ్బు తెచ్చినవాడి అవసరమే అది తూస్తుంది. 1989లోనే వియత్నాం ఆసుపత్రుల్లోనూ బడుల్లోనూ ఫీజులు మొదలయ్యాయి. ప్రభుత్వ సంస్థల్లో లక్షల మందికి పని పోయింది. "మరి పేదవాళ్లు?" అని పెద్దది అడగబోతోందని తెలుసు. ఆ ప్రశ్నకు ముల్లు జవాబు చెప్పదు.

ఆదివారం ఒక స్కేలు తీసుకుని మధ్యలో దారం కట్టి వేలాడదీయండి. రెండు చివర్ల కాగితపు కప్పులు, నడుమ ముల్లుగా ఒక పుల్ల. ఎడమ కప్పులో గుప్పెడు గింజలు పోసి, ముల్లు పట్టుకుని ఒక్కసారిగా వదలండి. రెండోసారి ముల్లు పట్టుకునే ఉండి, కుడి కప్పులో కూడా ఎడమ కప్పులో ఉన్నన్ని గింజలు దాదాపుగా పోశాక వదలండి. ఏసారి ఎన్ని ఊపులు ఊగిందో, ఎన్ని గింజలు నేలపాలయ్యాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య