సబ్ వూఫర్ కొనేముందు కుర్చీ జరిపి చూడండి

పోయిన ఎండాకాలం ఒక పెళ్ళి బారాత్‌లో నేను మిక్స్ చేసిన జానపద పాట డీజే బాక్సుల మీద మోగింది. ఎన్నో రాత్రులు కూర్చుని సరిచేసిన పాట అది. అక్కడ వింటే గాయని గొంతు ఎక్కడో అడుగున పడిపోయింది, డప్పు మీద పుల్ల పడ్డప్పుడు వచ్చే ఆ చురుకైన చప్పుడు లేనే లేదు, బేస్ ఒక్కటే ఉబ్బిపోయి అన్నిటినీ మింగేసింది. ఆ బేస్ పెంచింది నేనే, నా గదిలో అది చాలట్లేదనిపించింది కాబట్టి.

ఇలాంటప్పుడు చాలామందికి వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. 5 అంగుళాల మానిటర్లు (మిక్స్ చేసేటప్పుడు వినే స్పీకర్లు) కదా, అడుగు బేస్ వినపడదు, ఒక సబ్ వూఫర్, అంటే అడుగు బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్, తెచ్చి పెడితే సరిపోతుంది అని. డబ్బులు కూడా పక్కన పెట్టాను. కానీ కొనడానికి ముందు ఒక సాయంత్రం కంప్యూటర్‌లో 30 నుంచి 120 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనలో చెప్పే కొలత) దాకా ఒక్కో టోన్ పెట్టి గదంతా తిరుగుతూ విన్నాను. 47 హెర్ట్జ్ దగ్గర నా కుర్చీలో దాదాపు ఏమీ వినపడలేదు. లేచి వెనక గోడకు ఆనుకుని నిలబడితే అదే టోన్ ఛాతీకి తగిలింది. స్పీకర్ ఆ శబ్దాన్ని ఇస్తూనే ఉంది, నేను కూర్చున్న చోటికే అది రావడం లేదు.

లెక్క సులువే. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. అంటే 1000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు అడుగు పైచిలుకు, 40 హెర్ట్జ్‌ది మాత్రం 28 అడుగులు. నా గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. అంత పెద్ద తరంగం ఇంత చిన్న గదిలో ఎదురెదురు గోడలకు కొట్టుకుని వెనక్కి వచ్చి తనతో తానే కలుస్తుంది, కొన్నిచోట్ల రెట్టింపవుతుంది, కొన్నిచోట్ల చెరిగిపోతుంది. మొదటి రెజొనెన్స్, అంటే గది తానే మోగే మొదటి స్వరం, ఎక్కడ వస్తుందో తెలియాలంటే 1130ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి, 12 అడుగులకైతే సరిగ్గా ఆ 47 వస్తుంది. ఆ తరంగం గోడల దగ్గర బలంగా ఉండి, గది నడిమధ్యన సున్నా అవుతుంది. నా కుర్చీ ఉన్నది నడిమధ్యనే. పైగా దానికి రెట్టింపు, అంటే 94 హెర్ట్జ్, అదే మధ్యలో ఉబ్బుతుంది. అందుకే నాకు డ్రమ్ పైభాగం ఎక్కువగానూ అడుగు తక్కువగానూ వినిపించి, తప్పు చోట పెంచుకుంటూ పోయాను.

ఇప్పుడు అక్కడ సబ్ వూఫర్ పెడితే ఏమయ్యేది? అదే గోడలు, అదే కుర్చీ, అదే సున్నా. ఒక్కో హెర్ట్జ్ దగ్గర సౌండ్ పెంచే, తగ్గించే ఈక్వలైజర్‌తో 47ని పెంచినా పని జరగదు, నేరుగా వచ్చే ధ్వనిని పెంచితే దాన్ని చెరిపేసే ధ్వని కూడా అంతే పెరుగుతుంది. కుర్చీని ఒకటిన్నర అడుగు ముందుకు జరిపాను, మానిటర్లను కూడా గోడ వైపు తోశాను. ఇప్పుడు ముందు గోడకు నాలుగున్నర అడుగుల్లో కూర్చుంటున్నాను, గది పొడవులో సుమారు 38 శాతం దగ్గర. స్టూడియోలు కట్టేవాళ్ళు మొదలుపెట్టడానికి చెప్పే లెక్క కూడా అదే. పైసా ఖర్చు లేకుండా 47 హెర్ట్జ్ వినిపించడం మొదలైంది.

గోడకు దగ్గరగా పెట్టడానికీ కారణం ఉంది. బేస్ ధ్వని స్పీకర్ వెనక్కి కూడా పోతుంది, వెనక గోడకు తగిలి తిరిగొస్తుంది, స్పీకర్‌కూ గోడకూ మధ్య దూరం తరంగం పొడవులో పావు వంతైతే ముందుకు పోయేదాన్ని చెరుపుతుంది. 3 అడుగుల దూరంలో పెడితే 94 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. అర అడుగులో పెడితే ఆ గొయ్యి బాగా పైకి, స్పీకర్ వెనక్కి పెద్దగా ధ్వని పంపని చోటికి జరిగిపోతుంది. బేస్ కొంచెం పెరుగుతుంది, దాన్ని తగ్గించడానికి చాలా మానిటర్ల వెనక చిన్న స్విచ్ ఉంటుంది.

గోడలకు గుడ్ల అట్టలు అంటించడం మాత్రం దయచేసి మానేయండి. 28 అడుగుల తరంగానికి రెండు అంగుళాల అట్ట అడ్డమే కాదు. మూలల్లో అర అడుగు మందాన రాక్‌వూల్ (రాతి ఊలు) పలకలు నిలబెడితే కొంత ఫలితం కనిపిస్తుంది, ఆ డబ్బు ముందు అక్కడ పెట్టండి.

ఇక మానిటర్ల సంగతి. కోన్ (స్పీకర్‌లో గాలిని కదిపే గరాటు లాంటి భాగం) సైజు చూసి మోసపోవద్దు. ఒక ఆక్టేవ్, అంటే సగం హెర్ట్జ్‌కు, కిందికి దిగి అంతే గట్టిగా మోగాలంటే కోన్ నాలుగు రెట్ల గాలిని కదపాలి, సబ్ వూఫర్లు అంత పెద్దగా ఉండేది అందుకే. కాగితం మీద 45 హెర్ట్జ్ దాకా దిగుతుందని రాసి, పక్కన ఎన్ని డెసిబెల్స్ (ధ్వని బలం కొలత) తగ్గాక కొలిచారో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. చిన్న గదికి 5 నుంచి 6.5 అంగుళాలు చాలు, మీ చెవులూ రెండు స్పీకర్లూ సమబాహు త్రిభుజంలో, ట్వీటర్ (సన్నని పై స్వరాలిచ్చే చిన్న స్పీకర్) చెవి ఎత్తులో ఉండాలి.

యమహా ఎన్‌ఎస్-10 అనే స్పీకర్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1978లో ఇంట్లో పాటలు వినడానికి తెచ్చిన తెల్ల కోన్ బాక్సు, బేస్ తక్కువే. అయినా 2001లో తయారీ ఆగేలోపు ప్రపంచంలో లెక్కలేనన్ని స్టూడియోల్లో బల్లలెక్కింది. ఆ ఏడాదే బ్రిటన్ పరిశోధకులు దాన్ని వేరే మానిటర్లతో పోల్చి కొలిచారు. రంధ్రం లేని మూసిన పెట్టె కావడంతో అందులో బేస్ వచ్చినంత త్వరగా ఆగిపోతుందని తేలింది. బేస్ ఎంత కిందికి పోతుందనేదానికంటే ఎంత శుభ్రంగా ఆగుతుందనేది మిక్స్ చేసేవాడికి ఎక్కువ అవసరమని నేను నమ్ముతాను.

అలాగని సబ్ వూఫర్ వద్దని చెప్పడం లేదు. మీ పాటలు మోగేది డీజే బాక్సుల మీదో, థియేటర్లోనో అయితే 30 నుంచి 50 హెర్ట్జ్ మధ్య ఏముందో మీకు తెలియాలి. అర్ధరాత్రి సౌండ్ తగ్గించి పనిచేసేవాళ్ళకు సబ్ వూఫర్ ఉన్నా ఆ సంగతి పూర్తిగా తెలియదు, ఎందుకంటే మన చెవి తక్కువ సౌండ్‌లో బేస్‌ను సరిగ్గా పట్టుకోలేదు. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి చూపించారు. 50 హెర్ట్జ్ అసలు వినపడటం మొదలవ్వాలంటే 1000 హెర్ట్జ్ కన్నా 40 డెసిబెల్స్ పైగా బలం కావాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే అంత సౌండ్ కింది ఫ్లాట్‌కు దిగిపోతుంది కూడా. అలాంటివాళ్ళకు మంచి హెడ్‌ఫోన్సే మేలు, గది ఇబ్బంది వాటికి లేదు.

కొనే వీలుండి, గది సరిచేసుకుని, ఇంకా అడుగు బేస్ చాలట్లేదనుకుంటే సబ్ వూఫర్ తెచ్చుకోండి. తెచ్చాక దాన్ని ముందు మీ కుర్చీ స్థానంలో పెట్టి ఒక బేస్ పాట నడుపుతూ, మీరు నేల మీద పాకుతూ గోడల వెంట వినండి. స్వరాలన్నీ సమానంగా వినిపించిన చోటే సబ్ వూఫర్ స్థానం. వినేవాడూ మోగేదీ చోట్లు మార్చుకున్నా గది వాళ్ళ మధ్య అలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది. క్రాసోవర్, అంటే మానిటర్ల పని ఆగి సబ్ వూఫర్ పని మొదలయ్యే గీత, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, అంతకన్నా కింద ధ్వని ఎటునుంచి వస్తుందో చెవి పెద్దగా పట్టుకోలేదు. చివరగా కుర్చీలో కూర్చుని 80 హెర్ట్జ్ టోన్ నడిపి, సబ్ వూఫర్ తరంగాన్ని తిరగేసే ఫేజ్ స్విచ్‌ను ఎవరితోనైనా అటూ ఇటూ మార్పించి, ఎటువైపు ఎక్కువ గట్టిగా వినిపిస్తే అటు ఉంచేయండి.