కెమికల్ ట్యాంకర్లపై అపోహలు: భయపడాల్సింది ఖాళీ ట్యాంకుకే

సెలవులకు ఇంటికొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక తల్లి ఫోన్ చేస్తుంది. "బాబూ, మావాడికి కెమికల్ షిప్ వచ్చిందట. అది బాంబు లాంటిదట కదా?" మొన్న సోంపేట నుంచి ఒకావిడ ఇదే అడుగుతూ ఏడ్చేసింది. ఆవిడకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పదిహేనేళ్లుగా ఈ ఓడల్లోనే ఉన్నాను, ఇప్పుడు చీఫ్ ఆఫీసర్‌ని. సరుకు నిండిన ట్యాంకు మీద అందరి కళ్లూ ఉంటాయి, అలారాలు ఉంటాయి. మనవాళ్ల ప్రాణాలు తీసేది ఖాళీ ట్యాంకు.

అపోహ: "కడిగేశాం, వాసన కూడా లేదు, దిగొచ్చు."

ముక్కును నమ్మొద్దు. నైట్రోజన్‌కు రంగూ వాసనా ఉండవు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, కంపు పోయిందని మనం సంతోషిస్తాం. బెంజీన్ పరిమితి 1 పీపీఎం. దాని వాసన తెలిసేసరికి ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

"ఊపిరాడకపోతే పైకొచ్చేస్తాను సార్" అంటారు కొత్త కుర్రాళ్లు. రాలేరు నాయనా. ఊపిరి బిగబట్టినప్పుడు మనల్ని గిలగిలలాడించేది ఆక్సిజన్ తగ్గడం కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. నైట్రోజన్ నిండినచోట ఊపిరి మామూలుగానే ఆడుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది. ఏ ఇబ్బందీ తెలియదు. రెండు మూడు గుక్కలకే స్పృహ పోతుంది.

నేను థర్డ్ ఆఫీసర్‌గా ఉన్నప్పటి సంగతి. పొద్దున సర్వేయర్‌తో కలిసి ట్యాంకులోకి దిగి, గోడలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే వాల్ వాష్ శాంపిళ్లు తీశాం. అందరం లోపల తిరిగాం, పైకొచ్చాం, దిగడానికి రాసుకున్న పర్మిట్ (అనుమతి పత్రం) మూసేశాం. ఆ తర్వాత ఎక్కించబోయే సరుకుకు ఆక్సిజన్ తగలకుండా ట్యాంకును నైట్రోజన్‌తో నింపారు. సాయంత్రం మూత తీసి టార్చ్ వేస్తే స్టీలు నేల అద్దంలా మెరుస్తోంది, నిచ్చెన పక్కనే ఒక ప్లాస్టిక్ బాటిల్. శాంపిళ్ల తాలూకుది, మర్చిపోయాం. పక్కనే ఉన్న కేడెట్ "ఒక్క నిమిషం సార్, తెచ్చేస్తా" అంటూ నిచ్చెన మీద కాలు పెట్టాడు. పొద్దున తను తిరిగిన ట్యాంకే కదా! బోసన్ (డెక్ సిబ్బంది పెద్ద) వెనక నుంచి వాడి బాయిలర్ సూట్ కాలర్ పట్టుకుని డెక్ మీదికి ఈడ్చేశాడు. ఆక్సిజన్ కొలిచే మీటర్ గొట్టం లోపలికి దించాం. ఆక్సిజన్ 2 శాతం. బయటి గాలిలో 20.9 ఉంటుంది. అలారం మోగుతుంటే ఆ పిల్లాడి ముఖం చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను.

అపోహ: "తోటివాడు పడిపోతే వెంటనే దిగి తీయాలి."

అన్నిటికన్నా ఎక్కువ కుటుంబాలను ముంచుతున్నది ఇదే. పడిపోయినవాణ్ని చూసి ఒకడు దిగుతాడు, వాడి కోసం ఇంకొకడు. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకుల్లో, పాత బావుల్లో జరిగేదీ ఇదే. మా తాత బావిలో పూడిక తీయడానికి దిగేముందు తాడుకు లాంతరు కట్టి దించేవాడు, ఆరిపోతే దిగనిచ్చేవాడు కాదు. ట్యాంకర్ మీద మంట పెట్టకూడదు, లాంతరు పని మీటర్ చేస్తుంది. పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి. మూత దగ్గర నిలబడినవాడి పని అలారం కొట్టడం, మనుషుల్ని పిలవడం. గాలి సిలిండర్ సెట్ తగిలించుకున్న జట్టే దిగాలి. ఫిల్టర్ మాస్క్ విషాన్ని వడగడుతుంది గానీ ఆక్సిజన్‌ను పుట్టించదు. తప్పించుకోవడానికి ఇచ్చే చిన్న సెట్ బయటపడడానికే, దిగడానికి కాదు. 2015 జనవరి నుంచి రెండు నెలలకోసారి ఈ రెస్క్యూ డ్రిల్ తప్పనిసరి. ఫొటో కోసం చేయకండి, నిజంగా బొమ్మను పైకి లాగి చూడండి.

అపోహ: "పామాయిలే కదా, వంట నూనె."

కాకినాడకు వచ్చే పామాయిల్ కూడా మా లాంటి ఓడల్లోనే వస్తుంది. దించేశాక మూసి ఉంచిన ట్యాంకులో మిగిలిన నూనె ఆక్సిజన్‌ను తినేస్తుంది. దానికీ అదే మీటర్, అదే పర్మిట్.

ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ గురించి వైజాగ్ వాళ్లు అడుగుతారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ లీకై 12 మంది పోయారు, ఆ భయం న్యాయమైనదే. అక్కడ జరిగింది ఒడ్డున ఉన్న ట్యాంకులో, స్టైరీన్ తనంతట తానే వేడెక్కడం వల్ల. అలా జరగకుండా ఆపడానికి అందులో టీబీసీ అనే మందు కలుపుతారు. అది పనిచేయాలంటే స్టైరీన్‌లో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. అందుకే ప్రయాణంలో ఆ ట్యాంకుకు నైట్రోజన్ పెట్టం. రోజూ ఉష్ణోగ్రత రాస్తాం, టీబీసీ ఎన్నాళ్లు పనిచేస్తుందో సర్టిఫికెట్‌లో చూసుకుంటాం.

ఇక "ఆ షిప్పు ఎక్కితే పిల్లలు పుట్టరు" అనే వాట్సాప్ వాయిస్ మెసేజ్. దయచేసి ముందుకు పంపకండి. అన్ని కెమికల్సూ ఒకటి కావు. ఏ సరుకుతో ఏ హాని అనేది ఎంఎస్‌డీఎస్‌లో (ఆ సరుకు భద్రతా వివరాల పత్రంలో) రాసి ఉంటుంది, లోడింగ్‌కు ముందు అది చదివే హక్కు మీ అబ్బాయికి ఉంది. అమ్మా, ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అన్నాక "మీటర్ పెట్టి చూశాకే దిగుతున్నావా" అని కూడా అడగండి.

ఇంతకీ ఆ బాటిల్. ట్యాంకులో మళ్లీ ఫ్యాన్లతో గాలి నింపాం. తెల్లవార్లూ పట్టింది, టెర్మినల్ వాళ్లు లేటవుతోందని గొడవ చేశారు. మూడుచోట్లా 20.9 చూసి, కొత్త పర్మిట్ రాశాక, ఆ కేడెట్టే దిగి తెచ్చాడు. మూత దగ్గర బోసన్ నిలబడ్డాడు.