వెండి డాలరుపై రంగుల వరుస

1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల మోర్గాన్ డాలర్లనే అమెరికా వెండి నాణేలు 1,27,60,000 ముద్రించింది. అచ్చు నుంచి అప్పుడే జారిపడినట్టు మెరిసేవి వాటిలో ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. అయినా వేలంలో అదే సంవత్సరం, అదే టంకశాల, అదే గ్రేడు (నాణెం స్థితికి ఇచ్చే అంకె) నాణేలు రెండు వరసగా వస్తే, ఒకటి మామూలు ధరకు పోతుంది, రెండోది ఒక్కోసారి పది రెట్లు పలుకుతుంది. రెండోదానికి అదనంగా ఉన్నది ఒంటిమీది రంగులే. అంచున నీలం, దాని లోపల ముదురు గులాబీ, ఆ లోపల బంగారు ఛాయ, నడుమ తెల్లటి వెండి. సేకర్తలు దీన్ని టోనింగ్ అంటారు.

పూజగదిలో వెండి కుందులు నల్లబడేదీ ఈ కారణంగానే. వెండి ఆక్సిజన్‌తో అంత తేలిగ్గా కలవదు కానీ గంధకాన్ని వదలదు. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ రవ్వంత ఉన్నా, దానితో కలిసి పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. పొర దళసరి అయ్యాక కనిపించేది నలుపే. కానీ అంతకు చాలా ముందు, అది వెంట్రుక మందంలో వెయ్యో వంతైనా లేనప్పుడు, వెలుతురు దానిలోంచి దూరి కిందనున్న వెండిని తాకి వెనక్కి వస్తుంది. పొర పైభాగం నుంచి తిరిగొచ్చిన కాంతి, అడుగు నుంచి తిరిగొచ్చిన కాంతి కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, మిగిలినవి కంటికి చేరతాయి. వానకు తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పరుచుకుంటే తేలే రంగులూ ఇలాంటివే. భౌతికశాస్త్రంలో దీని పేరు వ్యతికరణం. అంటే నాణెం మీద అద్దకం ఏమీ లేదు, ఉన్నదల్లా మందం.

మందం పెరిగేకొద్దీ రంగులు ఒక క్రమంలోనే వస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత బంగారు, ఆపైన ముదురు గులాబీ, నీలం, పాలిపోయిన నీలం. పొర ఇంకా పెరిగితే మళ్లీ పసుపు, మళ్లీ గులాబీ. చక్కటి ఆకుపచ్చ ఈ రెండో విడత వచ్చేదాకా కనిపించదు. చివరికి నలుపు. టోనింగ్ అందం కన్నా ఈ వరుసే నాకు గొప్పగా తోస్తుంది. ఎందుకంటే కల్తీని పట్టించేదీ, ధరను నిలబెట్టేదీ ఇదే.

ఈ పొర ఎక్కడ కట్టిందో తెలియాలంటే చరిత్ర కొంచెం చూడాలి. 1878 నాటి బ్లాండ్-ఆలిసన్ చట్టం ప్రకారం అమెరికా ఖజానా నెలనెలా 20 నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టించాలి. ఒక్కోటి 26.73 గ్రాములు తూగే ఆ నాణేలను జేబులో మోసేవాళ్లు తక్కువ. దాంతో అవి వెయ్యేసి చొప్పున గుడ్డసంచుల్లోకి, సంచులు నేలమాళిగల్లోకి చేరాయి. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా కరిగించేశారు. మిగిలినవి 1960ల దాకా అలాగే పడి ఉన్నాయి. సంచి గుడ్డలోని గంధకం దశాబ్దాల తరబడి మెల్లగా వెండికి పట్టింది. సంచి నడుమ ఉన్నవి తెల్లగానే మిగిలాయి. గుడ్డకు ఆనుకున్నవాటికే, అదీ చాలావరకు ఒక పక్కకే, రంగెక్కింది. కొన్నిటి మీద గుడ్డ నేత గళ్లు అచ్చుపడ్డాయి. ఇంకో నాణెం సగం కప్పితే, బయట మిగిలిన నెలవంక ముక్కకే రంగు వచ్చింది. 1903లో న్యూ ఆర్లీన్స్‌లో కొట్టిన డాలరు 1962 దాకా అపురూపం. ఖజానాలోంచి దాని సంచులు బయటపడగానే ధర కూలిపోయింది. సంచి అంచున పడిన ఒక్క నాణెం రంగు మాత్రం ఇంకోదానికి రాదు.

ధర ఇంత పలికే చోట నకిలీలు పుట్టకుండా ఉండవు. వేడి చేసి, గంధకం మందులు పట్టించి, దశాబ్దాల పనిని పూటలో ముగించేవాళ్లున్నారు. అక్కడే వరుస అక్కరకొస్తుంది. తెల్లటి వెండి పక్కన, మధ్యలో పసుపు గీత కూడా లేకుండా, నేరుగా నీలం మొదలైతే అనుమానించాలి. పొర మందం సున్నా నుంచి నీలానికి ఒక్క గంతు వేయదు. ఎంత ఇరుకైనా పసుపు, గులాబీ దాటే రావాలి. పాత గీతల్లోకి, అరిగిన చోట్లకి కూడా రంగు ఒకే తీరున పారి ఉంటే, నాణెం చెలామణీలో అరిగాక ఎవరో రంగు పట్టించారేమో చూడాలి. సంచిలో రంగెక్కినవాటిలో తరచు ఉబ్బెత్తు అక్షరాలు, నక్షత్రాల చుట్టూ రంగు పలుచబడి సన్నటి తెల్ల అంచు కనిపిస్తుంది. పులిమిన రంగులో అది అరుదు.

రంగు కన్నా ముందు చూడవలసింది దాని కింది మెరుపు. ముద్ర పడేటప్పుడు లోహం బయటికి పారిన సన్నని గీతల వల్ల, నాణేన్ని వెలుగులో తిప్పితే కాంతి చక్రంలా తిరుగుతుంది. అది తిరగకపోతే ఎన్ని రంగులున్నా నేనైతే వేలంపాట పాడను. రసాయనంలో ముంచి పొరను తీసేసినప్పుడల్లా ఆ గీతల్లోంచి కాస్త వెండీ పోతుంది. తెల్లటి నాణేలే మంచివని నమ్మిన కాలంలో ఎన్నో మంచి డాలర్లు అలా పాడయ్యాయి. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1986లో మొదలైన పీసీజీఎస్, మరుసటి ఏడాది వచ్చిన ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ సంస్థలు నాణేన్ని పరిశీలించి 1 నుంచి 70 దాకా గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తాయి. రంగు సహజం కాదనిపిస్తే మామూలు గ్రేడు ఇవ్వవు. చూడముచ్చటగా ఉన్నవాటికి ఎన్‌జీసీ గ్రేడు పక్కన నక్షత్రం వేస్తుంది. కానీ రంగు ఎంత చేస్తుందో ఏ ధరల పట్టికా చెప్పదు. అందుకే ఒకే ఫొటో చూసి వేలం పాడటం ప్రమాదం. దీపం కోణం మారిస్తే గోధుమ రంగు కూడా నెమలికంఠంలా మెరుస్తుంది. వీలైతే నాణేన్ని చేతిలో తిప్పి చూడాలి, లేదా వీడియో అడగాలి.

వేలం ముగిసి సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు రుసుము ఉంటుందనీ మరవకూడదు. అది 20 శాతమైతే వెయ్యి డాలర్ల పాటకు 1,200 కట్టాలి. పైగా ఆ వెయ్యి ఆ రోజు పోటీపడిన ఇద్దరి పట్టుదల తేల్చిన అంకె. ఆ ఇద్దరిలో ఒకరు మీరైతే, రేపు మీరే అమ్మడానికి వెళ్లినప్పుడు హాలులో మిగిలేది ఒక్కరే.