కొత్త ఫంక్షనల్ భాష రూపకల్పన: అపోహలు - వాస్తవాలు

అపోహ: నచ్చిన భాష సింటాక్స్‌ను (కోడ్ రాసే తీరును) సులభం చేస్తే కొత్త భాష సగం తయారైనట్టే.

వాస్తవం: ముందు తేల్చాల్సింది ఆర్గ్యుమెంట్లను (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలను) ఎప్పుడు లెక్కగట్టాలన్నది. 1990లో వచ్చిన హాస్కెల్ భాష అవసరం పడ్డప్పుడే లెక్కగడుతుంది. ప్యూర్‌స్క్రిప్ట్ చూడటానికి హాస్కెల్‌లాగే ఉన్నా ముందే లెక్కగడుతుంది, ఎందుకంటే అది సాదా జావాస్క్రిప్ట్‌గా మారాలి. ఈ ఒక్క తేడాతో చాలా కోడ్ తలకిందులవుతుంది. ముందే లెక్కగట్టే భాషలో ఇఫ్‌ను మామూలు ఫంక్షన్‌గా రాసుకుంటే రెండు శాఖలూ నడుస్తాయి, తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌లో రికర్షన్ ఆగదు. అనంత జాబితాలకు వేరే టైప్ కావాలి. హాస్కెల్ లైబ్రరీని మక్కికి మక్కి దించుకోకండి.

అపోహ: హిండ్లీ-మిల్నర్ పద్ధతి పెట్టేస్తే టైపుల పని ముగిసినట్టే.

వాస్తవం: ప్రోగ్రామర్ రాయకుండానే టైపులను తేల్చే ఆ ఆల్గారిథం చిన్నదే, కొన్ని వందల లైన్లలో ఇమిడిపోతుంది. కష్టమంతా దాని పక్కన ఇంకేం పెడతామన్న దాంట్లోనే. టైప్ వేరియబుల్ తన నిర్వచనంలో తానే వస్తోందా అని యూనిఫికేషన్‌లో (రెండు టైపులను ఒకటిగా కలిపే దశలో) చూడకపోతే, తననే తనకు ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చుకునే ఫంక్షన్ దగ్గర టైప్ చెకర్ ఆగకుండా తిరుగుతుంది. ఇదైనా తొందరగా బయటపడుతుంది. అసలు ప్రమాదం రెఫ్‌లతో, అంటే లోపలి విలువను మార్చుకోగల పెట్టెలతో. ఖాళీ జాబితా ఉన్న రెఫ్‌ను లెట్‌తో ఒక పేరుకు కట్టి, దాని టైప్‌ను జనరలైజ్ చేశారనుకోండి, అంటే ఏ టైప్‌కైనా సరిపోయేలా వదిలారనుకోండి. ఒకచోట అందులో పూర్ణాంకాలు పెట్టి, మరోచోట స్ట్రింగులుగా చదవొచ్చు. చెకర్ రెండింటికీ సరేనంటుంది, ప్రోగ్రామ్ నడుస్తూ నడుస్తూ కూలుతుంది. లెట్ కుడివైపున ఫంక్షనో, స్థిరాంకమో ఉంటే జనరలైజ్ చేయాలి, ఫంక్షన్ కాల్ ఉంటే చేయకూడదు. దీన్నే వాల్యూ రెస్ట్రిక్షన్ అంటారు, స్టాండర్డ్ ఎంఎల్ 1997 నిర్వచనంలో ఉన్నదిదే. హాస్కెల్‌కు ఇది అక్కర్లేదు, అక్కడ రెఫ్‌లు ఐఓలో (బయటి ప్రభావాలున్న పనులకు కేటాయించిన టైప్‌లో) పుడతాయి కనుక. హాస్కెల్ టైపులనూ ఎంఎల్ రెఫ్‌లనూ కలపాలనుకునేవారు ఈ నియమాన్ని మొదటి రోజే పెట్టుకోవాలి.

అపోహ: ఫంక్షనల్ భాష అన్నాక టెయిల్ కాల్స్ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ఫంక్షన్ చివరి పనిగా చేసే కాల్ స్టాక్‌ను పెంచకూడదు; జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎం ఆ హామీ ఇవ్వదు. తనను తానే పిలుచుకునే ఫంక్షన్‌ను లూప్‌గా మార్చడం తేలిక. రెండు ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటే ట్రాంపొలిన్ (తర్వాతి కాల్‌ను తిరిగిచ్చి, దాన్ని ఒక లూప్ నడిపే పద్ధతి) కావాలి, వేగం తగ్గుతుంది. జేవీఎం మీద నడిచే క్లోజర్ భాష రికర్ అనే పదాన్ని ప్రోగ్రామర్ చేతే రాయిస్తుంది, అది చివరి స్థానంలో లేకపోతే కంపైల్ కాదు. స్టాక్ నిండి ప్రోగ్రామ్ పడిపోవడం కన్నా ఈ పద్ధతే మేలు.

అపోహ: ఎర్రర్ సందేశాలు చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: కోడ్ నిర్మాణాన్ని చూపే సింటాక్స్ ట్రీలోని ప్రతి నోడ్‌కూ సోర్స్‌లో మొదలు, చివర స్థానాలను, కోడ్‌ను చదివి ఆ ట్రీని కట్టే పార్సర్‌లోనే తగిలించాలి. డీషుగరింగ్‌లో (సులభ రూపాలను మూల రూపాలుగా మార్చేటప్పుడు) పుట్టే కొత్త నోడ్లకూ పాత స్థానాలనే ఇవ్వాలి. లేదంటే యూజర్ ఎన్నడూ రాయని లాంబ్డాలో (పేరులేని ఫంక్షన్‌లో) తప్పుందని కంపైలర్ చెబుతుంది.